పెళ్ళికి తెల్లకోక

పెట్టెలోంచి పెళ్ళికోక బయటికి తీసిన రోజు శౌరమ్మ సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కుంది.

అప్పటిదాకా రెంటచింతలలో ఇన్నారెడ్డి ఇంట అంతా సవ్యంగానే నడుస్తోంది. ఒక్కగానొక్క కూతురు థెరెసమ్మకు ఫిరంగిపురం సంబంధం కుదిరింది. పిల్లవాడు బడిపంతులు, నెమ్మదస్తుడు. గుడిలో స్వాములవారు రెండు ఆదివారాలు పెళ్ళి చాటింపు చదివారు, మూడోది ఒక్కటే మిగిలింది. పందిరికి తాటాకు వచ్చి పడింది. యుద్ధం ముగిసి తొమ్మిది నెలలైనా బట్ట ఇంకా కంట్రోలులోనే ఉంది. పెళ్ళి అని అర్జీ పెట్టుకుంటే పర్మిట్టు మీద ఒకే ఒక్క మంచి కోక ఇచ్చారు. మాచర్ల బట్టల డిపోలో ఉన్న నాలుగు రకాల్లోంచి థెరెసమ్మ తానే ఏరి తెచ్చుకుంది. మడత విప్పితే తెల్లటి తెలుపు. అంచున వెండిజరీ గీత, అదీ వెంట్రుక మందం.

"ఏందిది?" అంది శౌరమ్మ చేతులు తుడుచుకుంటూ. "ఏందిరా ఇది ఇన్నారెడ్డీ? పెళ్ళికి తెల్లకోకా? ఇంట్లో ఒకదాన్ని తెల్లకోకలో చూస్తన్నారు, చాలదా?"

"గుంటూరులో ఇప్పుడు మన పెళ్ళికూతుళ్ళందరూ ఇదే కడతన్నారు నాయనమ్మా," అంది థెరెసమ్మ. గుంటూరులో కన్యాస్త్రీల మఠం బడిలో చదివి పంతులమ్మ ట్రైనింగు పూర్తి చేసిన పిల్ల. "తెలుపంటే నిర్మలం అని అమ్మగార్లు చెప్పారు."

"మఠం అమ్మగార్లకు పెళ్ళి సంగతి ఏం తెలుసు? వాళ్ళు చేసుకున్నారా?"

"గుడిలో దేవమాతకు కూడా తెల్లకోకే గదా!"

"ఆవిడ పరలోకంలో ఉంది. అక్కడ ముత్తైదువ, ముండమోసింది అని తేడా లేదు. మనం రెంటచింతలలో ఉన్నాం. ఈ కోక నేను చేత్తో తాకను. ఆ రోజు నన్ను మిరపకాయల కొట్లో పెట్టి తాళం వేసుకోండి."

ఆ మాట ఇన్నారెడ్డి తేలిగ్గా తీసుకోగలిగింది కాదు. వాళ్ళ ఇంట ఒక ఆచారం ఉంది. పెళ్ళినాటి తెల్లవారుజామున పెళ్ళికోకను ఇంటి పెద్ద ఆడమనిషి చేతులమీదుగా అందుకొని, ఆ తరువాతే పెళ్ళికూతురు కట్టుకోవాలి. థెరెసమ్మ తల్లి జ్వరంతో పోయేనాటికి పిల్లకు నిండా రెండేళ్ళు లేవు. పాలు పట్టింది, తల దువ్వింది, జపమాల నేర్పింది, బడికి పంపింది శౌరమ్మే. ఆమె అందివ్వకపోతే అందించే చెయ్యి ఆ ఇంట్లో ఇంకొకటి లేదు.

"నాయనమ్మ ఇస్తేనే కట్టుకుంటా," అంది థెరెసమ్మ. "ఇస్తే ఇదే ఇవ్వాల. వేరేది ఇస్తే కట్టుకోను."

ఇద్దరూ మొండివాళ్ళే. చిన్నదానికి ఆ మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో ఊళ్ళో అందరికీ తెలుసు.

ఇన్నారెడ్డి రెండు రోజులు ఇద్దరి మధ్యా తిరిగాడు. పత్తిని ముట్టుకుని తేమ చెప్పగలడు, మిరపకాయను చూసి ఏ చేలోదో చెప్పగలడు. కోకల సంగతి మాత్రం అతనికేమీ తెలియదు. తన పెళ్ళికి భార్య ఏ రంగు కట్టుకుందని ఎవరైనా అడిగితే చెప్పలేడు. ఆమె తల వంచుకుని కూర్చుంటే కొత్తబట్ట గంజి వాసన వచ్చింది, అంతవరకే గుర్తు. ఆమె ఉంటే ఈ తగువును పొయ్యి దగ్గరే తేల్చేసేది. ఆలోచించి ఆలోచించి అతనికి ఒక ఉపాయం తట్టింది. ఆ తెలుపు మీద లేతగా ఏదో ఒక రంగు వేయిస్తే తల్లి శాంతిస్తుంది. అయిపోయాక కూతురు మాత్రం ఏం చేస్తుంది? నాలుగు రోజులు అలిగి ఊరుకుంటుంది.

మూడోనాడు పొద్దున్నే, థెరెసమ్మ పూజకు వెళ్ళినప్పుడు, కోకను గోతంసంచిలో పెట్టుకుని మాచర్ల బస్సెక్కాడు.

అది పెట్రోలు దొరక్క బొగ్గు మీద నడిచే బస్సు. ఎత్తు వస్తే సగం మంది దిగి నడవాలి. ఆ ఏడాది డిపోలకు వచ్చిన మామూలు రేషను బేళ్ళన్నీ వేయించిన కాఫీగింజ రంగువే కావటంతో, బస్సులో పదిమంది ఆడవాళ్ళుంటే ఎనిమిది మంది ఒకే కోకలో ఉన్నారు. వాళ్ళలో ఇద్దరి మొగుళ్ళు అదే తానులోంచి కుట్టించుకున్న చొక్కాలు తొడుక్కున్నారు.

"మొన్న సంతలో మా ఆవిడే అనుకుని ఇంకొకావిడ వెనకాల అరమైలు నడిచా," అన్నాడు పక్కన కూర్చున్నతను.

"తర్వాత?"

"తర్వాతేముంది. మా ఆవిడ నా వెనకాలే వస్తంది."

ఇన్నారెడ్డి నవ్వాడు. రెండు రోజుల తరువాత అదే మొదటి నవ్వు. ఒడిలో ఉన్న సంచి ఆ కాసేపు బరువనిపించలేదు.

రంగుల కాలేషా ఇల్లు చంద్రవంక వాగు ఒడ్డున ఉంది. అరవై దాటిన మనిషి. చేతులు మోచేతుల దాకా నీలం, గోళ్ళు ఇంకా నీలం. యుద్ధంలో సీమరంగుల డబ్బాలు రావటం ఆగిపోతే మిగతావాళ్ళు పని మానుకున్నారు కాని, కాలేషా తాతనాటి పద్ధతికి వెళ్ళాడు. ఎరుపుకు చిరివేరు, పసుపుకు ఎండిన మోదుగపూలు, నీలానికి పెరట్లో మెడదాకా పాతిన నీలిబాన. ఇన్నారెడ్డి తల్లి చిన్నప్పటినుంచీ ఆ ఇంటికి రంగులకు వచ్చేది కనుక కాలేషాకు ఆమె అక్క, ఇన్నారెడ్డి అల్లుడు.

"ఏం రంగు కావాల అల్లుడూ?"

"ఏదో ఒకటి మామా. మా అమ్మ ఒప్పుకొనేది, మా అమ్మాయి కాదననిది."

"అట్టాంటి రంగు అల్లా ఇంకా పుట్టించలా." కాలేషా కోకను వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "మంచి నూలు. ఎవరు కట్టుకుంటారు?"

"అమ్మాయే. పెళ్ళికి."

"మరి అమ్మాయి ఏది?"

"ఇంటికాడుంది."

"చెప్పే తెచ్చావా?"

ఇన్నారెడ్డి వాగు వైపు చూశాడు. ఎండకు వాగు పాయలుగా చీలి రాళ్ళ మధ్య మెరుస్తోంది.

"చెప్పలా," అంది లోపలినుంచి కాలేషా భార్య ఖైరున్నీసా. "మొహం చూడరాదూ, దొంగ ఎడ్లను తోలుకొచ్చినోడి మొహం." అంటూనే చెంబుతో మజ్జిగ తెచ్చి అతని ముందు పెట్టింది. ఉప్పు, నలిపిన కరివేపాకు వేసి ఉంది. మిట్టమధ్యాహ్నం ఆ ఎండలో పడి వచ్చినవాడికి అది ఎంతో మేలు చేసింది. చెంబు ఖాళీ చేసి ఇచ్చాడు.

కాలేషా కోకను మళ్ళీ మడత మీద మడత పెట్టాడు. "కట్టుకునే మనిషి కంటితో చూడందే నేను ముంచను. గురజాల నుంచి ఒకాయన వచ్చి పెళ్ళాం కోక నల్లగా వేయించుకుపోయినాడు, మురికి కనపడదని. మూడోనాడు ఆ తల్లి వచ్చి ఏం చేసిందో తెలుసా? నా చిరివేరు కాగు తన్నింది. వారం రోజుల పని ఈ వాగులో కలిసింది. ఆవిడది తప్పంటావా?"

"అనను."

"నలభై ఏళ్ళనుంచి చూస్తన్నా. ఒక ఏడు ఊళ్ళన్నీ నెమలికంఠం కావాలంటయ్యి. రెండేళ్ళకు అది ముసలోళ్ళ రంగు, వంకాయరంగు కావాలంటయ్యి. యుద్ధంలో మిలట్రీ వాళ్ళను చూసి పిల్లలకు కూడా ఖాకీ. మాలో పెళ్ళంటే ఎరుపు, తెలుపంటే శవానికి చుట్టే కఫన్ గుడ్డే. మా అక్క అన్నదాంట్లో తప్పు లేదు. అయితే కోక మా అక్కది కాదు గదా. బేస్తవారం అమ్మాయిని తీసుకురా. నూలుపోగు ముంచి చూపిస్తా. ఆ పిల్ల ఊఁ అంటే వేస్తా."

సాయంత్రం ఇన్నారెడ్డి ఇంటికి వచ్చేసరికి పెట్టె మూత తీసి ఉంది. థెరెసమ్మ దాని పక్కనే నేలమీద కూర్చుంది. అరుస్తుందనుకున్నాడు. సంచి ఆమె ముందు పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె కోకను విప్పి ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా వెతికి చూసుకుంది. ఎక్కడా మచ్చ లేదు.

"నన్నడగొచ్చుగా నాయనా," అంది.

"అడగాల్సింది."

"సరే, బేస్తవారం వస్తా. ఆ తాతయ్యకు నేనే చెప్పుకుంటా."

"నేనూ వస్తన్నా," అంది అరుగు మీదినుంచి శౌరమ్మ. ఆ పూట అన్నం తిననని పడుకున్న మనిషి లేచి కూర్చుంది. "కాలేషా మెత్తని మనిషి. ఇది కళ్ళనీళ్ళు పెట్టుకుంటే తెల్లగానే పంపిస్తాడు."

బేస్తవారం ముగ్గురూ బస్సెక్కారు. ఊళ్ళో సంగతి తెలిసినవాళ్ళు పెళ్ళిబట్టలకా అని అడిగారు. అవునంది థెరెసమ్మ, చూద్దామంది శౌరమ్మ.

కాలేషా అప్పటికే ముంతలు సర్ది పెట్టాడు. పెళ్ళికోక కొంగు చివర వేలాడే నూలుపోగులు నాలుగు కత్తిరించి ఒక్కొక్కటి ఒక్కో ముంతలో ముంచి, ఆరబెట్టి, తెల్లగుడ్డ మీద వరసగా పరిచాడు. మోదుగ పసుపు, చిరివేరు ఎరుపు, కరక్కాయ కలిపిన మట్టిరంగు, లేత నీలం. శౌరమ్మ వంగి చూసి ఎరుపు మీద వేలు పెట్టింది.

"ఇది. పండుమిరపకాయ ఎరుపు. పెళ్ళంటే ఇట్టా ఉండాల. నేను కట్టిందీ ఇదే, దీని తల్లి కట్టిందీ ఇదే."

భార్య కోక రంగు ఇన్నారెడ్డికి ఆ రోజు తెలిసింది.

"అమ్మాయ్, నువ్వేమంటావు?" అన్నాడు కాలేషా.

థెరెసమ్మ ముందుకు వంగింది. గుడ్డ అంచు సరిచేసింది. పోగులను ఒకదాని పక్కన ఒకటి ఇంకా దగ్గరగా జరిపింది.

"నోట్లో ఏముందే? మఠం అమ్మగార్లు మాట్లాడొద్దన్నారా?"

"అమ్మగార్ల మాట ఊరికే అన్నాలే నాయనమ్మా." ఆమె తల ఎత్తలేదు. "గుంటూరులో తెలుపు కట్టినోళ్ళు ఇద్దరో ముగ్గురో. అందరూ అని నేనే కలిపా. నేను తేరు పండగలో తప్పిపోయినప్పుడు నీకు గుర్తుందా?"

"ఎందుకు గుర్తు లేదు? అయిదేళ్ళ దానివి. కజ్జికాయల కొట్టుకాడ దొరికావు."

"ఎవరి పిల్లవే అని అడిగితే నాయన పేరు చెప్పలా. తెల్లకోక పిల్లని అన్నానంట. ఊరంతా రంగురంగుల కోకలు కట్టుకొని వచ్చారు ఆ రోజు. జనం మధ్యలో తెలుపు ఎక్కడుందా అని చూస్తన్నా. కనపడగానే ఏడుపు ఆగిపోయింది. అప్పటినుంచీ అంతే. బోర్డింగులో వేసిన రోజు కూడా గేటుకాడినుంచి చూస్తానే ఉన్నా, నువ్వు మలుపు తిరిగేదాకా. మీకందరికీ తెలుపంటే ఏం గుర్తొస్తదో నాకు తెలవదు. నాకు నువ్వు గుర్తొస్తావు." పోగులను మళ్ళీ సర్దింది. "ఫిరంగిపురంలో నాకు ఎవరూ తెలవదు నాయనమ్మా. భయంగా ఉంది. ఒంటిమీద తెలుపుంటే బాగుంటదనుకున్నా."

ఇన్నారెడ్డి కూతురి వైపు చూడలేక తల్లి వైపు చూశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ తెల్లకోకను చూస్తున్నాడు. తండ్రి పోయిన మర్నాటినుంచి అది ఇంట్లో ఉన్న ఒక లోటు అనుకుంటూ వచ్చాడు. అదే బట్టను పట్టుకొని ఒక పిల్ల నడక నేర్చుకుందని అతనికెప్పుడూ తోచలేదు.

శౌరమ్మ కొంగుతో ముక్కు గట్టిగా తుడుచుకుంది.

"ఈ మాట ఇంటికాడ చెప్పి ఏడవచ్చుగా, పిచ్చిదానా. బస్సుకు బొగ్గు దండగ."

"అయితే..."

"అయితే లేదు గియితే లేదు. కట్టుకో. నేనే ఇస్తా. కాకపోతే నేనూ తెలుపులో, నువ్వూ తెలుపులో పక్కపక్కన నిలబడితే ఫిరంగిపురం వాళ్ళు ఏమనుకుంటారు? పెళ్ళిలో తెల్లకోక ఒక్కటే ఉండాల. అది నీది." కాలేషా వైపు తిరిగింది. "ఒరేయ్, నా కోక ముంచు."

"ఏ కోకక్కా?"

"నేను కట్టుకున్నదిరా! ఇంకెక్కడిది? కట్టుకునేదాన్ని నేనే, కళ్ళారా చూసుకునేదాన్ని నేనే. నీ షరతు సరిపోయిందా?"

ఖైరున్నీసా చప్పట్లు కొట్టినంత పని చేసి, శౌరమ్మను చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి శౌరమ్మ ఆకుపచ్చ మీద పసుపు పూలున్న ఖైరున్నీసా కోకలో బయటికి వచ్చింది. రెండు చేతులూ కొంచెం దూరంగా పెట్టుకుని, తడి సున్నం గోడల మధ్య నడిచే మనిషిలా వచ్చి పీట మీద కూర్చుంది. థెరెసమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వావంటే పోయి మిరపకాయల కొట్లో దూరతా."

"ఏ రంగక్కా?" అన్నాడు కాలేషా.

మనవరాలి కోక అయితే అరనిమిషంలో ఎరుపని తేల్చే మనిషి, తన మాట వచ్చేసరికి ఆగిపోయింది. ఆమె వేలు పోగుల మీద గాలిలో తిరిగింది. పసుపు దగ్గర ఆగింది, కదిలింది. తనకు ఏ రంగు కావాలని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమెను ఎవరూ అడగలేదు. ఇన్నారెడ్డి కూడా అడగలేదు.

"ఆకుపచ్చ వేయించుకో అక్కా, ఇదే బాగుందిగా," అంది ఖైరున్నీసా.

"నేనేమన్నా చిలకనా?"

"పసుపు?"

"పసుపు నాకెందుకే. ఇదేందిరా, ఈ చివరిది?"

"నీలం. బానలో ఒక్క మునకేస్తే ఆ లేత వస్తది. పది మునకలేస్తే కాకిరెక్క."

"దీనికి ఏదన్నా అర్థం ఉందా? పెళ్ళిదా, చావుదా, మీ పీర్లదా?"

కాలేషా గడ్డం గోక్కున్నాడు. "ఏమీ లేదక్కా. నీలం, అంతే."

"అయితే అదే వెయ్యి."

కాలేషా కోకను ముందు వాగునీళ్ళలో తడిపి పిండాడు. తరువాత బాన పక్కన బోర్లా పడుకున్నంతగా వంగి, అంగుళం అంగుళం లోపలికి దించాడు. అందరూ చుట్టూ చేరారు. వంద లెక్కపెట్టేంతసేపు ఉంచి మెల్లగా పైకి తీశాడు.

కోక పసిరిక పచ్చగా వచ్చింది.

"ఒరేయ్!" శౌరమ్మ పీట మీదినుంచి లేచింది. "ఇదేందిరా, చెరువు నాచులాగా? నీలమంటిని గదరా నేను! సర్వనాశనం చేశావు గదరా నా కోక!"

"గాలి తగలనీ అక్కా."

"గాలి తగిలితే..."

మాట పూర్తి కాలేదు. కొంగు అంచున ఆ పసిరిక విరగటం మొదలైంది. ఒక వేలెడు మేర నీలం కనిపించింది. అది పాకింది. కాలేషా, ఇన్నారెడ్డి చెరోవైపు పట్టుకుని కోకను ఎండలో చాపితే, చూస్తుండగానే మడతమడతా పచ్చ పోయి నీలం తేరుకుంది. అందులో ఎవరి చెయ్యీ లేదు, ఊరికే గాలి. శౌరమ్మ దగ్గరికి వచ్చి తడిబట్ట మీద అరచెయ్యి పెట్టింది.

"బాగానే ఉంది," అంది. ఆమె నోట అంతకంటే పెద్ద మాట ఇన్నారెడ్డి ఎన్నడూ వినలేదు.

మాచర్ల ఎండకు గంటలో ఆరింది. తిరుగు బస్సులో ఆ కాఫీగింజ కోకల మధ్య శౌరమ్మ ఒక్కతే నీలంగా కూర్చుంది. కిటికీ పక్క చోటు ఎవరికీ ఇవ్వలేదు.

పెళ్ళినాడు కోడి కూయకముందే ఆమె తలస్నానం చేసి, నీలం కోక కట్టుకుని, పెళ్ళికోకను రెండు చేతుల మీదా పెట్టుకుని గదిలోకి వచ్చింది. ఇన్నారెడ్డి గుమ్మం బయట నిలబడ్డాడు.

"ఇంద. కుచ్చిళ్ళు సరిగా పోసుకో, గుడి మెట్ల కాడ కాళ్ళకు అడ్డం పడతయ్యి," అంది శౌరమ్మ. "అక్కడికి పోయాక ఏదన్నా భయమేస్తే ఉత్తరం రాయి. బస్సులు ఉండనే ఉన్నయ్యి."

థెరెసమ్మ రెండు చేతులతో అందుకుంది. ఇన్నారెడ్డి అక్కడినుంచి కదిలి పందిట్లో దీపం వత్తి సరిచేయటానికి వెళ్ళాడు.

గుడిలో పెళ్ళిపూజ బాగా జరిగింది. పెళ్ళికొడుకు మేనత్త తెల్లకోకను ముట్టుకుని చూసి, ఇది గుంటూరు వాడుకా అని అడిగింది. మా ఇంటి వాడుక అంది శౌరమ్మ.

పిల్లను ఫిరంగిపురం పంపించిన మూడోనాడు పక్కింటి సరస్వతమ్మ పిడకలకని వచ్చి, నీలం కోకలో పెరడు ఊడుస్తున్న శౌరమ్మను కిందినుంచి మీదికి చూసింది.

"పెళ్ళి అయిపోయింది గదా పెద్దమ్మా. ఇంక తెల్లది కట్టవా ఏంది?"

"నాకున్నవి రెండు కోకలే," అంది శౌరమ్మ చీపురు ఆపకుండా. "ఒకటి నీలం, ఒకటి తెలుపు. ఏది ముందు ఆరితే అది కట్టుకుంటా. పిడకలు ఎన్ని కావాల?"